మార్చని పంపు

పొద్దున ఏడింటికి వచ్చి కూర్చున్నవాళ్లని పదకొండున్నర దాటినా ఎవరూ పిలవలేదు.

రాజమండ్రి ఊరి బయట, హైవే పక్కన ఉంది ఆ సర్వీస్ సెంటరు. ముందు భాగమంతా అద్దాలు. లోపల ఏసీ, మెత్తటి సోఫాలు, కాఫీ మిషను. అవి కార్లు తెచ్చేవాళ్లకి. పికప్ వ్యాన్లు తెచ్చేవాళ్లు వెనక వైపు రేకుల షెడ్డులో సిమెంటు అరుగు మీద కూర్చోవాలి. మార్చి నెలాఖరు ఎండకి రేకులు కాలిపోతున్నాయి. బుల్లియ్య తువ్వాలు తలకి చుట్టుకుని తన బండి వైపే చూస్తూ కూర్చున్నాడు. అర్ధరాత్రే రేవులో చేపల పెట్టెలు ఎక్కించి, పాలకొల్లు మార్కెట్లో దింపి, బండి కడగనైనా కడగకుండా ఇటు వచ్చేశాడు. ఐసు కరిగిన నీళ్లు వెనక డోరు సందులోంచి ఇంకా చుక్కలు పడుతున్నాయి. ఆ వాసనకి పక్క బండి డ్రైవరు కాస్త ఎడంగా జరిగి కూర్చున్నాడు.

బుల్లియ్య పక్కన అతని భార్య వెంకటదుర్గ. ఆమె ఒళ్లో ప్లాస్టిక్ కవరు. అందులో ఆర్సీ, బీమా కాగితం, కంపెనీ పంపిన ఇంగ్లీషు ఉత్తరం.

ఉత్తరం జనవరిలో వచ్చింది. బండి వెంకటదుర్గ పేరు మీద ఉండటంతో ఉత్తరమూ ఆమె పేరుకే వచ్చింది. ఆడవాళ్ల పేరైతే వడ్డీ కాస్త తగ్గుతుందని ఫైనాన్సు వాళ్లు చెబితే అలా రాయించారు. గ్రామ సచివాలయంలో పనిచేసే సత్యవాణి ఆ ఉత్తరం చదివి చెప్పింది. "మీ బండి తయారైన ఏడాదిలో వచ్చిన బళ్లకి బ్రేకు దగ్గర ఒక పంపులో లోపం ఉందట అత్తా. కంపెనీయే వెనక్కి పిలిపించి ఉచితంగా మార్చిస్తదట. వెంటనే తీసుకెళ్లమన్నారు. ఆ 'వెంటనే' అన్న మాట కింద గీత కూడా గీశారు."

వెంటనే తీసుకెళ్లారు. పార్టు లేదు, రెండు వారాలాగి రమ్మన్నారు. రెండోసారి వెళితే పార్టు వచ్చింది గానీ అది వేరే మోడల్ది అన్నారు. ఇది మూడోసారి. వచ్చిన ప్రతిసారీ ఒక రోజు బాడుగ, రెండువేల నాలుగొందలు, చేతికి రాకుండా పోయేది. ఆ రోజు పొద్దుటి లోడు రేవులో అతని బదులు ఇంకో బండి ఎత్తేది. రెండు మూడుసార్లు అలా జరిగితే ఆ లోడు ఇక తిరిగి రాదని బుల్లియ్యకి తెలుసు.

చివరికి జీవరాజు వచ్చాడు. నలభై దాటిన మెకానిక్కు. నీలం యూనిఫాం మోచేతుల దాకా నల్లబడి ఉంది. బానెట్ ఎత్తి, టార్చి వేసి చూసి, బుల్లియ్యని దగ్గరికి పిలిచాడు.

"ఇదిగోండి, ఈ పంపేనండి. ఇంజను తిరుగుతుంటే ఇది గాలి లాగుద్ది. ఆ బలంతోనే మీరు కాలు మెత్తగా ఆనించినా బ్రేకు పడుద్ది. ఇది మానేసిందంటే పెడలు రాయైపోద్దండి. రెండు కాళ్లూ పెట్టి తొక్కినా బండి ఆగదు."

"అప్పుడప్పుడూ బిగుసుకుంటంది బాబూ," అన్నాడు బుల్లియ్య. "మొన్న గట్టు దిగతా ఉంటే ప్రాణం పోయినంత పనైంది. మళ్లీ దానంతటదే వదిలేసింది."

"అలాగే ఉంటదండి. ఒక రోజు వదలదు."

"అయితే ఇవాళ మార్చెయ్యండి బాబూ," అంది వెంకటదుర్గ.

జీవరాజు బానెట్ దించాడు. "స్టాకు లేదమ్మా. రాలేదు."

ఆ మాట చెప్పడానికి నాలుగున్నర గంటలు ఎందుకు కూర్చోబెట్టారని ఆమె అడిగేలోపే సర్వీస్ అడ్వైజరు ప్రసన్నకుమార్ చేతిలో ట్యాబు పట్టుకుని వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. మడత నలగని చొక్కా. ఎవరితో మాట్లాడినా 'అండి' వదలడు.

"బుల్లియ్య గారూ, ఏమీ అనుకోకండి. ఈసారి పార్టు రాగానే మేమే ఫోన్ చేసి పిలుస్తామండి. అమ్మా, బండి మీ పేరు మీదే కదండీ? మీ ఫోనుకి ఓటీపీ వచ్చుంటది, ఒక్కసారి చెప్పండి."

"అదెందుకండీ?"

"మీరు వచ్చినట్టు ఎంట్రీ అండి. అది పడితే లైన్లో మీ బండే ముందుంటది."

ఆ ఆవరణలో వెంకటదుర్గని ఎవరైనా ఏదైనా అడగడం అదే మొదటిసారి. మూడుసార్లు వచ్చినా అందరూ ఆమె తల మీంచి బుల్లియ్యతోనే మాట్లాడారు. తప్పు చదవకూడదని ఒక్కొక్క అంకె మీదా వేలు పెట్టి చదివింది. "ఏడు. సున్నా. మూడు. ఆరు."

"థాంక్సండి," అన్నాడు ప్రసన్నకుమార్.

బుల్లియ్య తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఈలోపు బండి నడపొచ్చాండీ?"

"ఆయ్, నిక్షేపంగా నడుపుకోండి. కాస్త లోడు తగ్గించుకుంటే చాలు."

"ఆ మాట కాగితం మీద రాసిత్తారాండీ?"

ప్రసన్నకుమార్ నవ్వాడు. "మా మీద ఆమాత్రం నమ్మకం లేదాండి?"

బండికి ఉచితంగా వాటర్ వాష్ చేయించి పంపించారు. ఆ రోజు వాళ్లకి దొరికింది అదొక్కటే.

వాళ్లు వెళ్లాక జీవరాజుని మేనేజరు ఉదయభాస్కర్ తన గదికి పిలిచాడు. మార్చి ముప్పై ఒకటి లోపల ఈ పంపు పని పెండింగ్ ఒక్కటి కూడా ఉండకూడదని కంపెనీ నుంచి ఆర్డరు వచ్చింది. పెండింగ్ ఉంటే డీలరు రేటింగు పడిపోతుంది. రేటింగు పడితే కొత్త బళ్ల మీద కమీషను పడిపోతుంది. ఆ సర్వీస్ సెంటర్లో పంపు మార్చాల్సిన బళ్లు అరవై నాలుగు. వచ్చిన పంపులు పదకొండు, అవి ముందొచ్చిన బళ్లకి వేసేశారు.

"అన్నీ క్లోజ్ చేసెయ్యి. మార్చినట్టు రాసి సంతకం పెట్టు," అన్నాడు ఉదయభాస్కర్.

"మార్చలేదు కదండీ సార్?"

"వచ్చాక మార్చుకుంటాం. ఎవరు కాదన్నారు? నీ ఒక్కడి వల్ల అందరి ఇన్సెంటివ్ పోవాలా?"

జీవరాజు జీతం పదహారువేల ఐదొందలు. కూతురు కాకినాడలో నర్సింగు రెండో ఏడు చదువుతోంది. పదకొండేళ్లుగా ఆ షెడ్డులో పనిచేస్తూ ఒక్కరోజు కూడా ఎదురు చెప్పి ఎరగడు. ఏ బండికి ఏం పని చేశారో రాసే జాబ్ కార్డుల కట్ట ముందేసుకుని ఒక్కొక్కదాని మీదా 'పంపు మార్చబడినది' అని రాసి సంతకం పెట్టాడు. బుల్లియ్య బండిది ముప్పై తొమ్మిదో కార్డు. వెంకటదుర్గ చెప్పిన నాలుగంకెలు దాని మీద అచ్చై ఉన్నాయి, ఓనరు ఒప్పుకున్నట్టు.

*

ఆ బండిలో ముందు సీటు ఎడం పక్క అప్పాయమ్మది.

అప్పాయమ్మ బుల్లియ్యకి అక్క. పన్నెండేళ్లు పెద్దది. పెళ్లైన నాలుగేళ్లకే మొగుడు కామెర్లతో పోతే పుట్టింటికి తిరిగొచ్చింది. తల్లి అప్పటికే మంచంలో ఉంది. తమ్ముణ్ణి పెంచింది అప్పాయమ్మే. నెత్తిన చేపల గంపతో పాలకొల్లు వీధుల్లో తిరిగి పెంచింది. గంప ఉందంటే బస్సు ఎక్కనిచ్చేవాళ్లు కాదు. వాసనని కండక్టరు దింపేసేవాడు. ఆటోవాళ్లు రెండింతలు అడిగేవాళ్లు. ఎండాకాలం అరిపాదాలు కాలి బొబ్బలెక్కితే, సాయంత్రం ఇంటికొచ్చి చల్లటి ఇసుకలో కాళ్లు పాతుకుని కూర్చునేది.

బండి కొంటానని తమ్ముడు అన్నప్పుడు మెళ్లో ఉన్న రెండు కాసుల గొలుసు తీసి అతని చేతిలో పెట్టింది. "నాకేం వడ్డీ అక్కర్లేదురా. బస్సు వెనక పరిగెత్తే ఓపిక లేదు. ముందు సీటు నాది. అంతే," అంది.

రెండున్నరేళ్లుగా ఆ సీట్లో దర్జాగా కూర్చుని మార్కెట్టుకి వెళ్తోంది. కిటికీ మీద మోచెయ్యి ఆనించి, వక్కాకు నములుతూ, దారిలో కనిపించిన ప్రతివాళ్లనీ పలకరించేది. ఒకప్పుడు తనని దింపేసిన బస్సు పక్కనుంచి వెళితే, "తొందరగా పోనీరా, దాన్ని దాటెయ్," అనేది.

ఏప్రిల్లో బుల్లియ్య నాలుగుసార్లు ఫోన్ చేశాడు. పార్టు రాగానే పిలుస్తామన్నారు. మేలో ఫోన్ ఎత్తలేదు. జూన్‌లో ఎత్తి, మీ నంబరు రాసుకున్నామండి అన్నారు. పాలకొల్లులో బయటి మెకానిక్కుకి చూపిస్తే, పంపు తనే తెప్పించి వేస్తాననీ, పద్నాలుగువేలు అవుతుందనీ చెప్పాడు. బుల్లియ్య ఎలాగో సర్దుదామనే అనుకున్నాడు. సర్వీస్ సెంటరుకి ఫోన్ చేసి అడిగితే ప్రసన్నకుమార్ ఈసారి గట్టిగా చెప్పాడు. "బయట చెయ్యి పడితే వారంటీ పోతుందండి. రేపు ఇంజనుకి ఏమైనా మాకు సంబంధం ఉండదు. మీ ఇష్టం."

ఆ మాటతో బుల్లియ్య ఆగిపోయాడు. గేర్లు దించుకుంటూ, ముందు బండికి చాలా దూరంగా ఉంటూ, హారను కొట్టుకుంటూ నడపడం నేర్చుకున్నాడు. పెట్టెలు నలభై బదులు పాతిక ఎక్కించేవాడు. బాడుగ కూడా ఆ మేరకే వచ్చేది. గట్టు దిగే చోటికి వచ్చేసరికి మాట్లాడటం మానేసేవాడు. అప్పాయమ్మ అది కనిపెట్టింది.

"ఏంట్రా, ఇక్కడికొచ్చేసరికి నోరు కట్టేసుకుంటావు?"

"ఏం లేదక్కా."

ఏం లేదన్నాడే గానీ ఆమెని దిగి బస్సులో రమ్మనలేదు. బస్సు ఆమెని ఎక్కించుకోదు.

జూలై మొదటి వారం. తెల్లారి ఏడున్నర. సన్నగా జల్లు పడుతోంది. ఏటిగట్టు మీంచి పాలకొల్లు రోడ్డులోకి బండి దిగుతోంది. వాలు సగంలో బుల్లియ్య బ్రేకు మీద కాలు వేశాడు. కాలు ఆగిపోయింది. పెడలు కదల్లేదు. గేరు దించాడు. హ్యాండ్ బ్రేకు లాగాడు. తడి రోడ్డు మీద వెనక చక్రాలు జారాయి తప్ప బండి నిలవలేదు. రెండు కాళ్లూ పెడలు మీద పెట్టి సీట్లోంచి లేచి నిలబడి తొక్కాడు.

కింద, వాలు చివర, నాట్లకి వెళ్లే కూలీ ఆడవాళ్లు ఆటో ఎక్కుతున్నారు. పదకొండు మంది. కొందరు ఎక్కారు, కొందరు క్యారేజీలు పైకి అందిస్తున్నారు. కుడి పక్క టీ కొట్టు, దాని ముందు జనం. ఎడం పక్క కాలవ తూము, దాని సిమెంటు గోడ.

"ఒరే, ఆడాళ్లురా!" అని అరిచింది అప్పాయమ్మ.

బుల్లియ్య స్టీరింగు ఎడం పక్కకి తిప్పాడు.

*

అప్పాయమ్మ అక్కడికక్కడే పోయింది. బుల్లియ్య కుడికాలు పెడలు దగ్గరే రెండు చోట్ల విరిగింది. బండి ముందు భాగంలో ఎడం సగం నుజ్జయింది. ఇంజనుకి ఏమీ కాలేదు. గోడకి ఆనుకుని, జనం వచ్చి తాళం తిప్పేదాకా తిరుగుతూనే ఉంది.

అతివేగంగా, అజాగ్రత్తగా బండి నడిపి ఒక మనిషి చావుకి కారణమయ్యాడని పోలీసులు కేసు రాశారు. బ్రేకు పడలేదని బుల్లియ్య ఆసుపత్రి మంచం మీంచి చెప్పాడు. సర్వీసు రికార్డు తెప్పించి చూస్తామన్నారు. తెప్పించారు. స్టేషన్లో వెంకటదుర్గని కూర్చోబెట్టి రైటరు ఆ కాగితం చదివి వినిపించాడు. లోపం ఉన్న పంపుని మార్చి నెల ఇరవై ఏడో తేదీన మార్చారు. పని సంతృప్తికరంగా జరిగిందని ఓనరు పన్నెండు గంటల పది నిమిషాలకి ఓటీపీ ద్వారా ధ్రువీకరించారు.

"ఓనరంటే?" అంది వెంకటదుర్గ.

"మీరేనమ్మా. మీ పేరు మీదే కదా ఉంది."

ఆమె లేచి బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. ఏడవలేదు. తన వేళ్లు చూసుకుంది. ఒక్కొక్క అంకె మీదా వేలు పెట్టి ఎంత జాగ్రత్తగా చదివిందో గుర్తొచ్చి, ఆ వేలిని రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది. చాలాసేపటికి కానిస్టేబులు వచ్చి, దారికి అడ్డంగా కూర్చోవద్దమ్మా అన్నాడు.

ఊళ్లో మాట వేరేగా నడిచింది. పెంచిన అక్కని చేతులారా చంపుకున్నాడన్నారు. గొలుసు తిరిగి ఇవ్వక్కర్లేకుండా పోయిందన్నవాళ్లూ ఉన్నారు. పెద్దకర్మ రోజున కులపెద్దలు కర్మ చేసే అర్హత బుల్లియ్యకి లేదని, దూరపు దాయాది చేత చేయించారు. కాలికి కట్టుతో బుల్లియ్య మంచం మీద, పిలుపు వినిపించేంత దూరంలో పడుకుని ఉన్నాడు. ఎవరూ పిలవలేదు.

ఆ నాట్ల కూలీల్లో పెద్దది వీరమ్మ. ఒక సాయంత్రం చీర కొంగులో ఆరు గుడ్లు కట్టుకుని చూడటానికి వచ్చింది. గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. "మీ ఆయన చక్రం తిప్పకపోతే మా పదకొండు మందికీ ఆ రోజే సమాధులమ్మా. చర్చిలో మీ వదినగారి పేరున ప్రార్థన పెట్టించాం."

"ఆ ముక్క స్టేషన్లో చెప్తారా వీరమ్మ గారూ?" అంది వెంకటదుర్గ. "బండి జోరు మీద రాలేదనీ, ఆగక వచ్చిందనీ, మీరందరూ చూశారు కదా?"

వీరమ్మ కొంగుతో కళ్లు తుడుచుకోవడం ఆపింది. "నాట్ల రోజులమ్మా. స్టేషనంటే రోజంతా పోద్ది. నాలుగొందల యాభై కూలి. నేనొక్కదాన్నే వస్తే సరిపోదు, పదకొండు మందినీ తెమ్మంటారు. మేస్త్రి ఒప్పుకోడు." గుడ్లు అక్కడ పెట్టి, తల తిప్పుకుని వెళ్లిపోయింది.

ఒకరోజు వెంకటదుర్గ గంజి తాగిస్తుంటే బుల్లియ్య గిన్నె పక్కకి తోసి, "అటు తిప్పినప్పుడు నాకు తెలుసే," అన్నాడు.

"ఏం తెలుసు?"

"అక్క అటే ఉందని."

ఫైనాన్సు వాళ్లు రెండు వాయిదాలు చూసి మూడో వాయిదాకి మనిషిని పంపారు. సరిగ్గా ఆ వారంలోనే ప్రసన్నకుమార్ ఫోన్ చేశాడు. కోర్టు నుంచి బండి విడిపించడం, సర్వీస్ సెంటరు దాకా లాగించడం, ముందు భాగం బాగుచేయడం, అంతా తమ ఖర్చుతోనే చేయిస్తామన్నాడు. పైగా కంపెనీ తరఫున మానవత్వంతో యాభైవేలు ఇప్పిస్తామన్నాడు. "చిన్న కాగితం మీద ఓనరు సంతకం కావాలండి. ఫార్మాలిటీ."

*

సెప్టెంబరులో ఇద్దరూ మళ్లీ రాజమండ్రి వెళ్లారు. బుల్లియ్య చంకల కింద కర్రలతో. ఈసారి వాళ్లని ముందు వైపు, ఏసీ గదిలో కూర్చోబెట్టారు. కాఫీ ఇచ్చారు. బుల్లియ్య సోఫాలో కూరుకుపోయి, కర్రలు ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్లో పెట్టుకున్నాడు.

అద్దాల బయట బండి నిలబెట్టి ఉంది. కొత్త బంపరు, కొత్త అద్దం, ఎడం పక్క కొత్త తలుపు. రంగు మెరిసిపోతోంది. ఎవరో ముందు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టారు.

ఉదయభాస్కర్ స్వయంగా వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "అక్కగారు పోయినందుకు మా కంపెనీ అందరం చాలా బాధపడ్డామండి. ఏం చేస్తాం. ఇదిగోండి, ఇక్కడొకటి, ఇక్కడొకటి సంతకం పెడితే బండి తీసుకెళ్లిపోవచ్చు. చెక్కు కూడా రెడీగా ఉంది."

"చదివి చెప్పండి," అంది వెంకటదుర్గ.

"మామూలేనండి..."

"చదవండి బాబూ."

ప్రసన్నకుమార్ చదివాడు. పంపుని మార్చి నెల ఇరవై ఏడో తేదీనే మార్చారు. అప్పటి నుంచి బ్రేకులో ఏ లోపమూ లేదు. మోతాదుకి మించిన లోడు వల్ల, డ్రైవరు పొరపాటు వల్ల ప్రమాదం జరిగింది. కంపెనీ మీద గానీ, డీలరు మీద గానీ ఇప్పుడూ ఇకముందూ ఏ కేసూ వేయము.

బుల్లియ్య నేల చూస్తున్నాడు. వెంకటదుర్గ పెన్ను ముట్టుకోలేదు.

"ఆ రోజు స్టాకు లేదని మా ఎదురుగానే చెప్పారు," అంది.

"మీరు పొరపడ్డారమ్మా. రికార్డులో ఉంది. మీ ఓటీపీ కూడా ఉంది."

"ఉంది. నేనే చెప్పాను."

"పెట్టేయే దుర్గా," అన్నాడు బుల్లియ్య. "అక్క ఎలాగూ రాదు. నేనెలాగూ నడపలేను. బండి చేతికొస్తే ఎవరికో ఒకరికి అమ్మి, ఆ ఫైనాన్సోడి నోరు మూయిద్దాం. కేసేదో నేను పడతాను. పెట్టేయ్. నీ కాళ్లు పట్టుకుంటాను."

నిజంగానే వంగబోయాడు. కర్రలు జారి చప్పుడు చేస్తూ నున్నటి నేల మీద పడ్డాయి. కార్ల వాళ్లు తలెత్తి చూశారు. వెంకటదుర్గ వంగి కర్రలు తీసి అతని చేతికిచ్చింది.

"ఎవరికమ్ముతావయ్యా?" అంది నెమ్మదిగా. "కొన్నోడి పక్కన కూర్చోడానికి వాడికీ ఒక అక్కుంటది."

ఆమె ఉదయభాస్కర్ వైపు తిరిగింది. "పంపు మార్చారంటన్నారు. అయితే నాదొక మాటండి. ఆ పొద్దున ఎక్కించినట్టే పాతిక పెట్టెల బరువు వేసి, అదిగో, ఆ కనపడే ఫ్లైఓవరు ఎక్కి దిగి రండి. మీలో ఎవరైనా సరే. తిరిగొచ్చాక మీరు ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెడతాను."

"దానికేం భాగ్యమండి," అని నవ్వాడు ఉదయభాస్కర్. ఆ నవ్వు అలాగే ఉంచి ప్రసన్నకుమార్‌కి సైగ చేశాడు. అందరూ బయటికి వచ్చారు. షెడ్డులోంచి జీవరాజుని పిలిచారు.

బండి కోర్టు నుంచి వచ్చిన రోజున ఎడం సీటు కడిగింది జీవరాజే. ఎవరూ ఆ పని ఒప్పుకోకపోతే తనే బకెట్టు, బ్రష్షు తీసుకుని ఒక పూటంతా కడిగాడు. నీళ్లు పారబోసిన ప్రతిసారీ మళ్లీ ఎరుపు దిగేది. సాయంత్రానికి సీటు పీకి కొత్తది వేయమన్నారు. కొత్తది వేశాడు. పంపు జోలికి మాత్రం వెళ్లొద్దన్నారు. మార్చిలోనే మార్చినట్టు రికార్డులో ఉన్నదాన్ని ఇప్పుడు మారిస్తే స్టోర్సులో లెక్క తేలదు. పైగా మిగతా పంపులు ఇంకా రానేలేదు.

పెట్టెలు లేక ఇంజన్ ఆయిలు డబ్బాలు వెనక ఎక్కించారు. ప్రసన్నకుమార్ తాళం తిప్పి ఇంజను ఆన్ చేసి, కిందికి దిగి తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"జీవరాజూ, ఫ్లైఓవరు దాకా ఒక రౌండు వేసి రా. మేడం గారు చూస్తారంట."

జీవరాజు బండి దగ్గరికి వచ్చాడు. మెట్టు మీద కాలు పెట్టాడు. కొత్త సీటు మీద ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు. కాలు వెనక్కి తీసుకున్నాడు.

"నేను ఎక్కనండి," అన్నాడు.

"ఏంటి?"

"లోడుతో ఫ్లైఓవరు దిగమంటే నేను ఎక్కనండి. పంపు మార్చలేదు. మార్చిలోనూ మార్చలేదు, ఇప్పుడూ మార్చలేదు."

ఇంజను చప్పుడులో ఆ మాట అందరికీ వినిపించిందో లేదో. వెంకటదుర్గకి వినిపించింది. బుల్లియ్య కర్రల మీద బరువంతా వేసి తలెత్తి చూశాడు.

ఉదయభాస్కర్ గొంతు పెంచలేదు. "జీవరాజూ, నీకు ఒంట్లో బాగున్నట్టు లేదు. ఇంటికెళ్లు. రేపు మాట్లాడదాం."

"రేపు రావద్దంటారు, అంతే కదండీ. తెలుసండి." జీవరాజు కార్డుల మీద సంతకం పెట్టిన ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు యూనిఫాం జేబులో దాచుకున్నాడు. "ఆ కార్డు మీద రాసింది నేనేనండి. అలాంటివి ఇంకా యాభై రెండు ఉన్నాయి. ఆ బళ్లన్నీ రోడ్డు మీదే ఉన్నాయండి."

షెడ్డులో స్పానర్ల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది. మిగతా మెకానిక్కులు గడప దాకా వచ్చి నిలబడ్డారు. సిమెంటు అరుగు మీద కూర్చున్న పికప్ డ్రైవర్లు ఇద్దరు లేచారు. అందులో ఒకతను జేబులోంచి తన జాబ్ కార్డు తీసి దాని మీద ఏం రాసి ఉందో వెతుక్కుంటున్నాడు.

"ఇంకెవరైనా ఎక్కండ్రా," అన్నాడు ఉదయభాస్కర్.

ఎవరూ కదల్లేదు. ఉదయభాస్కర్ ప్రసన్నకుమార్ వైపు చూశాడు. ప్రసన్నకుమార్ తలుపు మీంచి చెయ్యి తీసేసి రెండడుగులు వెనక్కి వేశాడు. వెంకటదుర్గ కొంగు నడుముకి చుట్టుకుని, ఇక ఎవరొచ్చినా దాన్ని రోడ్డెక్కనివ్వనన్నట్టు బండికి ఎదురుగా వచ్చి నిలబడింది.

తలుపు తెరిచే ఉంది. ఇంజను తిరుగుతూనే ఉంది.